పదహారు మాటల చీటీ

శరభయ్యగారి చెవిన ఒకసారి పడిన మాటకి మళ్ళీ బయటికి పోయే దారి ఉండేది కాదు. మామిడికుదురు పక్కన అగ్రహారంలో ఆయన్ని ఎరిగినవాళ్ళు ఈ సంగతి గొప్పగానే చెప్పుకునేవారు. ఆయన ఇల్లాలు వెంకటరమణమ్మ మాత్రం, కాపరానికి వచ్చిన కొత్తలో తను పులుసులో ఉప్పు మరిచిపోయిన రోజుని తిథీ వారంతో సహా ఇరవై ఏళ్ళ తరవాత కూడా వినవలసి వస్తోందని విసుక్కునేది.

ఎనిమిదో ఏట మొదలుపెట్టి ఇరవై రెండో ఏటికి వేదం ఘనాంతం చదివారాయన. ఘన అంటే మంత్రాన్ని వరసగా చెప్పుకుపోవడం కాదు. రెండు మాటలు ముందుకి, అవే వెనక్కి, మళ్ళీ ముందుకి, మూడోదాన్ని కలుపుకుని మళ్ళీ వెనక్కి, ఇలా పూర్తిగా తిప్పి తిప్పి చెప్పాలి. ఒక్క స్వరం జారితే సభలో పక్కవాడు వేలెత్తుతాడు. మరి అర్థం? అర్థం ఎవడికి కావాలి? చిన్నప్పుడు ఒక్కసారి "దీనికి అర్థం ఏమిటండీ" అని గురువుగారిని అడిగితే, ఆయన చెవి మెలిపెట్టి "ముందు నోటికి రానీరా" అన్నారు. నోటికి వచ్చింది. అర్థం సంగతి ఆ తరవాత గురువుగారూ ఎత్తలేదు, శిష్యుడూ అడగలేదు.

నలభై ఒకటో ఏట ఒక జమీందారుగారి సభలో ఆయన స్వరం జారింది. ముందురోజు నుంచీ జ్వరం, గొంతు పట్టేసింది. కారణం ఏదైతేనేం, ఒక్క అక్షరం దగ్గర ఆగారు. ఎదురుగా కూర్చున్న కుర్ర ఘనాపాఠి దాన్ని అందించాడు. అందించి ఊరుకోక నవ్వాడు. సంభావన పుచ్చుకోకుండానే శరభయ్యగారు పడవెక్కి ఇంటికి వచ్చేశారు. ఆ తరవాత ఆయనకి సభల నుంచి పిలుపులు రాలేదు. వచ్చినా వెళ్ళేవారో లేదో. రోజూ తెల్లవారుతూనే వైనతేయ గోదావరి ఒడ్డున కూర్చుని, ఎవరూ వినని చోట, ఒక్క తప్పు లేకుండా ఘన చెప్పుకునేవారు. ఆ చెప్పుకోవడంలో భక్తి కన్నా కసి ఎక్కువ. ఇది నేనంటున్న మాట కాదు, వెంకటరమణమ్మే అనేది.

అలా చెప్పుకుంటూ ఉండగా ఒకనాడు పడవలో పోతున్న దొరసాని విన్నది.

ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తయి రెండు మూడేళ్ళు అవుతోంది. కోనసీమలోకి కాలవలు తవ్వుతున్నారు. ఆ పని చూసే దొరకి అగ్రహారానికి ఎగువన, పడవలో రెండు గంటల దూరంలో, ఏటి ఒడ్డున బంగళా ఉండేది. జనం ఆయన్ని కాలవ దొర అనేవారు. ఆయన భార్యకి పగలంతా చేసే పని లేదు, మాట్లాడే మనిషీ లేదు. తన దేశం నుంచి ఒక పెట్టె తెచ్చుకుంది. దాని నిండా దంతంతో చేసిన చిన్న చిన్న బిళ్ళలు, ఒక్కో బిళ్ళ మీద ఒక్కో ఇంగ్లీషు అక్షరం. నర్సాపురం నుంచో రాజోలు నుంచో దొరలు విందుకి వస్తే ఆ పెట్టె బయటికి వచ్చేది. మూడు బిళ్ళలు తీసి బల్ల మీద పెడతారు. ఆ మూడు అక్షరాలూ ఉన్న మాటలు ఎవరు ఎక్కువ చెబితే వాళ్ళు గెలిచినట్టు. చదువుకున్నవాళ్ళకి పొద్దు పోవడానికి అదొక దారి.

ఆ దొరసాని తన వంటవాడు సాలమోనుని వెంటబెట్టుకుని ఒడ్డుకి వచ్చి, ఈయన చెబుతున్నది ఏమిటని అడిగించింది. సాలమోనుది అగ్రహారం వెనకాల పాలెమే. నర్సాపురం మిషన్‌లో చేరి, దొరల ఇళ్ళల్లో పదేళ్ళు వంటపని చేసి, ఇంగ్లీషు గడగడా మాట్లాడేవాడు. కానీ అక్షరం ముక్క రాదు. అలవాటు ప్రకారం ఇరవై అడుగుల దూరంలో నిలబడి, దొరసాని మాట ఈయనకీ, ఈయన మాట ఆవిడకీ అందించాడు.

"మా భాషలో మాటలు కూడా ఇలాగే పట్టగలరా అని అడుగుతున్నారండి అమ్మగారు."

"మాట ఏ భాషదైతేనేం? అక్షరాలు చెప్పమను" అన్నారు శరభయ్యగారు.

పట్టారు. ఆ వర్షాకాలం నాలుగు నెలలూ వారానికి రెండు రోజులు బంగళా వరండాలో తన పీట మీద తను కూర్చున్నారు. దంతపు బిళ్ళలు చూసి అక్షరాలు గుర్తుపట్టడం, రాయడం మొదటి వారంలోనే పట్టుబడ్డాయి. దొరసాని కుర్చీలో కూర్చుని, మాటల పుస్తకం ముందు పెట్టుకుని వరసగా చదివింది, ముందు మాట, తరవాత దాని అక్షరాలు. ఆవిడ ఒకసారి చెబితే ఈయన ఒకసారి అనేవారు, అంతే. ఇంటికి వచ్చి కాలవలో స్నానం చేసి, ఆ మాటల్ని మొదటి అక్షరం పట్టుకుని ఒకసారి, చివరి అక్షరం పట్టుకుని ఒకసారి, నడిమి అక్షరాలు పట్టుకుని మరోసారి తిప్పేవారు. ఘన చెప్పినవాడికి అదెంత పని! దీపావళి నాటికి అయిదు వేల మాటలు ఆయన నోట్లో ఉన్నాయి. ఒక్కదానికీ అర్థం తెలియదు. దొరసాని చెప్పలేదు, ఈయన అడగలేదు. అర్థం అడిగితే చెవి మెలిపెడతారన్న భయం ఏ వయసుకీ పోదు కాబోలు.

ఇంక చూడండి వేడుక. విందులకి వచ్చిన దొరలు వరండాలోకి కుర్చీలు జరుపుకుని అక్షరాలు విసిరేవారు. ఎక్సు, క్యూ, ఈ అంటే చాలు, ఈయన కళ్ళు మూసుకుని "ఎక్స్‌చెకర్, ఎక్స్‌క్విజిట్, ఈక్వినాక్స్" అనేవారు. వి, డబల్యూ, ఈ అంటే "వేవ్, వీవర్, వ్యూ, స్వెర్వ్". దొరలు బల్లలు గుద్ది కేకలు పెట్టేవారు. ఒక ముసలి దొర లేచి నిలబడి టోపీ తీశాడు. జమీందారు సభలో పోయినదేదో ఆ వరండాలో తిరిగి దొరికినట్టయింది శరభయ్యగారికి. ఆయన బతుక్కి అది చాలా అవసరమైపోయింది. అసలు సంగతంతా అక్కడే ఉంది.

ఒక సాయంత్రం పడవ దగ్గరికి సాగనంపుతూ సాలమోను దూరం నుంచే అడిగాడు.

"అయ్యగారండీ, తప్పుగా అనుకోకండి. ఇందాకా డ్రౌన్ అన్నారు కదండి, దానికి అర్థం తెలుసాండి?"

శరభయ్యగారు ఉత్తరీయం సర్దుకున్నారు.

"ఏం లేదండి. మీకు అక్షరం వచ్చు, నాకు అర్థం తెలుసు. మీరు చదివి వినిపిస్తే నేను తెలుగులో చెబుతానండి. చిటికెలో అయిపోద్దండి."

పాలెంలో పుట్టినవాడు తనకి పాఠం చెబుతానంటాడా! శరభయ్యగారి మొహం ఎర్రబడింది. "అర్థాలు వంటింట్లోవాళ్ళకి కావాలి. నాకెందుకు?" అన్నారు. సాలమోను తల వంచుకుని "ఆయ్" అన్నాడు. మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

ఏడాది తిరిగేసరికి చుట్టుపక్కల ఆయన పేరు ఇంగిలీషు శరభయ్యగారైపోయింది. బంగళాకి వెళ్ళి మైలపడుతున్నాడని ముక్కు విరిచిన అగ్రహారీకులే, దొర దగ్గర తమవాడి కోసం ఒక మాట చెప్పమని అరుగు మీదకి వచ్చి కూర్చునేవారు. పల్లెకారులు, లంకవాళ్ళు ఎక్కడైనా ఇంగ్లీషు కాయితం దొరికితే పట్టుకొచ్చేవారు. ఆయన దాన్ని పైకి, స్పష్టంగా, ఒక్క తడబాటు లేకుండా చదివేవారు. వాళ్ళు దణ్ణం పెట్టి వినేవారు. "ఏం రాసేరండీ?" అంటే, "మంచిమాటే" అని ఊరుకునేవారు. ఎక్కువ కాయితాలు నిజంగానే మంచివో, ఏమీ లేనివో అయి ఉంటాయి. ఏదీ ఎదురుతిరగలేదు. మొదటిసారే ఒకటి తిరగబడి ఉంటే ఎంత బావుండేది!

అందరూ నమ్మారు. చివరికి దొరసాని కూడా నమ్మింది. అయిదు వేల మాటలు నోటికి వచ్చినవాడికి భాష రాదని ఆవిడ కలలోనైనా ఎందుకు అనుకుంటుంది? సాలమోనుకి నిజం తెలుసు. కానీ అయ్యగారి పరువు తీసే మాట అతను దొరసానికి చెప్పలేదు.

విందులు లేని రోజుల్లో ఆవిడ బంట్రోతు చేత చీటీ పంపేది. అచ్చక్షరాల్లా గుండ్రంగా రాసిన మూడు అక్షరాలుండేవి దాని మీద. ఈయన అదే చీటీ వెనక మాటలు రాసి పంపేవారు. ఆ చీటీలు మోసుకొచ్చే పడవ బంగారరాజుది.

బంగారరాజు కొంగలంకవాడు. అగ్రహారానికి ఎదురుగా ఏటి నడుమ ఉండేది ఆ లంక. నలభై గడప, తాటాకు ఇళ్ళు, సొరపాదులు, పొగాకు, గేదెలు. లంకలో ఏది చెయ్యాలన్నా బంగారరాజు మాట వినేవారు. అతని తల్లి మరిడమ్మ వారానికోసారి ఇవతలికి దాటి, సొరకాయలు అమ్ముకుని, మొదటి కాయ శరభయ్యగారి అరుగు మీద పెట్టి పోయేది. డబ్బిస్తే పుచ్చుకునేది కాదు. "మా లంకకి పెద్దదిక్కు మీరండి. ఇంగిలీషు తెలిసిన బాబు మా రేవులో ఉన్నారంటే మాకు ధైర్యం" అనేది.

నల సంవత్సరం శ్రావణ బహుళ పంచమి శరభయ్యగారి తండ్రి తద్దినం. ఎండ కాస్తోంది. అగ్రహారంలో చినుకు లేదు. భోక్తలు స్నానాలకి వెళ్ళారు. వెంకటరమణమ్మ మడి వంటలో ఉంది. ఆయన స్నానం చేసి తడిబట్టతో అరుగు మీదికి వచ్చేసరికి బంగళా బంట్రోతు పరిగెత్తుకుంటూ వచ్చాడు. వెనకే తెడ్డు భుజాన వేసుకుని బంగారరాజు.

"అమ్మగారు తొందరగా ఇమ్మన్నారండి. దొరగారూ గుమస్తాగారూ రాత్రే ఆనకట్టకి పోయేరండి. సాలమోను లేడండి, పిల్లకి తట్టు పోస్తే రెండ్రోజులై ఇంటి దగ్గరే ఉన్నాడు. అమ్మగారు తనే రాసి, శరభయ్య, శరభయ్య అని నా చేతిలో పెట్టేరండి" అని చీటీ అరుగు మీద పెట్టాడు.

మడిలో ఉన్న మనిషి కదా, ముట్టుకోకుండా వంగి చూశారు. ఎప్పటిలా మూడు అక్షరాలు లేవు. పదహారు మాటలున్నాయి.

రివర్ రైజింగ్ ఫాస్ట్. బ్రింగ్ ఎవ్రీ సోల్ ఆఫ్ ది ఐలండ్ బిఫోర్ డార్క్. యూ అలోన్ కెన్ టెల్ దెమ్.

పదహారూ ఆయనకి వచ్చిన మాటలే. ఏ పుటలో ఏ వరసలో ఉన్నాయో కూడా చెప్పగలరు. ఆట మార్చింది కాబోలు దొరసాని, అనుకున్నారు. అక్షరాలు ఇచ్చి మాటలు అడగడం పాతబడి, మాటలు ఇచ్చి అక్షరం పట్టమంటోంది. కళ్ళు మూసుకున్నారు. ఐ అనే అక్షరం నాలుగు మాటల్లో ఉంది. ఈ అనే అక్షరం ఏడు మాటల్లో ఉంది. అన్నిటికన్నా ఎక్కువ అదే. ఇంతేనా, అని నవ్వుకున్నారు.

జవాబు ఆలస్యం చేస్తే ఓడిపోయాననుకుంటుందని, మడి సంగతి పక్కనపెట్టి, కలం తీసి చీటీ వెనక ఏడు మాటలూ రాశారు. రివర్, ఎవ్రీ, ది, బిఫోర్, అలోన్, టెల్, దెమ్. కింద తన పేరు. ఎలాగూ కాయితం ముట్టుకున్నారు కనక మళ్ళీ స్నానం చెయ్యాలి. చెయ్యొచ్చులే అనుకున్నారు.

బంట్రోతు చీటీ పుచ్చుకున్నాడు. బంగారరాజు కదల్లేదు.

"అయ్యగారండీ, ఏం రాసేరండీ అందులో?"

"ఎందుకు?"

"గోదారి రంగు మారిందండి. పొద్దున్నుంచీ నురగ తేలుతోంది. చెట్లు కొట్టుకొస్తున్నాయండి. గొడ్లనీ పిల్లల్నీ దాటించేద్దామా అని లంకలో అడుగుతున్నారు. అందర్నీ కదపాలంటే ఇప్పుడు ఎక్కినవాణ్ణి పొద్దుగూకేదాకా పడవ దిగకూడదండి. ఊరికే కదిపితే తిడతారు. దొరలకి పైనుంచి కబురు ముందే వస్తుంది కదండీ. ఆ కాయితంలో ఏటి సంగతేమైనా ఉందేమోనని."

శరభయ్యగారి గుండెలో ఏదో కదిలింది. లేదని అబద్ధం చెప్పను. ఈ చీటీ మామూలు చీటీలా లేదు, ఆటే అయితే బంట్రోతు పరిగెత్తడం ఎందుకు అని ఒక్క క్షణం తట్టింది. సాలమోను ఇంట్లోనే ఉన్నాడని ఇప్పుడే విన్నారు. పాలెం ఎంత దూరం? పొలం గట్టు మీద నడిస్తే తాంబూలం నమిలేంత సేపు. గుడిసె ముందు నిలబడి పదహారు మాటలు పైకి చదివితే వాడు తెలుగు చేసి పెడతాడు. కానీ ఇవాళ తండ్రి తద్దినం. తద్దినం నాడు పాలెం వెళ్ళడమా? వెళ్ళి, "దీనికి అర్థం చెప్పరా" అని సాలమోనుని అడగడమా? బంట్రోతు చూస్తూ ఉండగా, బంగారరాజు చూస్తూ ఉండగా?

ఎలాగూ రెండో స్నానం చెయ్యాలి. పాలెం వెళ్ళొచ్చి చేసినా అదే నీళ్ళు, అదే స్నానం. ఆట కోసం మడి విడిచిన మనిషి, దీని కోసం విడవలేకపోయారు.

పోనీ, నాకు తెలియదు అని ఒక్క మాట అన్నా సరిపోయేది. బంగారరాజు తన కళ్ళతో చూసిన నురగని నమ్ముకునేవాడు. ఆ ఒక్క మాట, అయిదు వేల మాటలు పట్టిన నోటికి రాలేదు.

"ఏటి సంగతేమీ లేదు. ఇది దొరసానిగారి ఆట" అన్నారు.

బంగారరాజు మొహం తేటపడింది. "ఆయ్. మీరు లేదన్నారంటే లేదండి" అని దణ్ణం పెట్టి రేవులోకి దిగిపోయాడు. బంట్రోతుని బంగళా వైపు గట్టున దించి నడిచిపొమ్మని, లంకకి వెళ్ళి, ఎవరూ కదలక్కర్లేదని, ఇంగిలీషు అయ్యగారు కాయితం చూసి చెప్పారని చెప్పాడు. ఆ మాట తరవాత బతికి బయటపడ్డవాళ్ళు చెప్పారు.

తద్దినం సక్రమంగా జరిగింది. పిండాలు, అపసవ్యాలు, ఎక్కడా మంత్రలోపం లేదు. భోక్తలు తృప్తిగా తిన్నారు. ఒకాయన గారెలు బావున్నాయని రెండు ఎక్కువ అడిగి వేయించుకున్నాడు.

పొద్దు వాలేవేళకి రేవు వైపు నుంచి కేకలు వినబడ్డాయి. శరభయ్యగారు విస్తళ్ళు తీయకముందే లేచి పరిగెత్తారు. మధ్యాహ్నం మోకాలి లోతు ఉన్న మెట్టు కనబడటం లేదు. అవతల లంక అంచు కనబడటం లేదు. ఇళ్ళ కప్పులు, కప్పుల మీద మనుషులు, ఎర్రనీళ్ళు. బంగారరాజు పడవ ఒకసారి ఇవతలికి వచ్చింది, పిల్లలూ ఆడవాళ్ళూ దిగారు. ఇంకోసారి వచ్చింది. తన పిల్లల్ని మాత్రం ఇంకా ఎక్కించలేదు. ఊరి పెద్ద ముందు తన వాళ్ళని ఎక్కించుకుంటే ఏం బావుంటుందనుకున్నాడు. మూడోసారి వాళ్ళ కోసమే వెళ్ళాడు. వస్తూ ఉండగా కొట్టుకొచ్చిన చెట్టు తగిలి పడవ ఒరిగిపోయింది. ఒడ్డున ఉన్నవాళ్ళందరూ చూశారు. శరభయ్యగారూ చూశారు.

మర్నాడు పొద్దున్నకి లంక లేదు. ముప్ఫైనలుగురు పోయారు. బంగారరాజు, అతని భార్య దుర్గమ్మ, వాళ్ళ పిల్లలిద్దరూ అందులో ఉన్నారు. మరిడమ్మ వరదకి ముందురోజే సొరకాయలు తీసుకుని మామిడికుదురు వెళ్ళి, అక్కడే చుట్టాలింట ఉండిపోబట్టి మిగిలింది. మిగలడం అని ఊరికే అంటాం.

మూడోనాడు శరభయ్యగారు పొలం గట్టు మీదుగా పాలెం వెళ్ళారు. దారిలో ఎదురైనవాళ్ళు నోరు తెరిచి చూశారు. సాలమోను గుడిసె ముందు పిల్లకి వేపాకు విసురుతున్నాడు. ఈయన్ని చూసి కంగారుగా లేచి వెనక్కి వెళ్ళబోయాడు.

"కూర్చో" అని తనూ కింద, ఆ మట్టిలోనే కూర్చున్నారు. చీటీ ఆయన దగ్గర లేదు. దానితో పనేముంది? కళ్ళు మూసుకుని పదహారు మాటలూ చదివారు, దొరసాని నేర్పిన ఉచ్చారణతో, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి.

సాలమోను చేతిలో వేపమండ ఆగిపోయింది.

"చెప్పవోయ్" అన్నారు శరభయ్యగారు.

"వద్దండి."

"చెప్పు. మాట మాటకీ చెప్పు."

"ఏరు తొందరగా పెరుగుతోంది అని రాసేరండి అమ్మగారు. పొద్దుగూకే లోపల లంకలో ఒక్క ప్రాణాన్ని కూడా ఉంచకుండా ఇవతలికి తెచ్చెయ్యండి అని." సాలమోను మొహం పిల్ల వైపు తిప్పుకున్నాడు. "వాళ్ళకి చెప్పగలిగినవారు మీరు ఒక్కరే అని."

శరభయ్యగారు తల ఊపారు, పాఠం చెప్పించుకున్న శిష్యుడిలాగే.

"నిన్న బంగళాకి వెళ్ళేనండి. మీరు రాసి పంపిన ఏడు మాటలూ దీపాలు పెట్టేవేళకి అందేయంట. అది చేత్తో పట్టుకుని అమ్మగారు అలా కూర్చునే ఉన్నారండి. ఈయనకి తెలియదా, ఈయనకి తెలియదా అని నన్ను అడిగేరండి. నేనేం చెప్పనండి? నాకు ముందునుంచీ తెలుసు. చెప్పకపోవడం నా తప్పూ ఉందండి."

"నీ తప్పు లేదు. నువ్వు నేర్పుతానన్నావు" అని శరభయ్యగారు లేచారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ఏడ్చారు. సాలమోను జీవితంలో అంత పెద్ద అయ్యగారు ఏడవగా చూడటం అదే మొదటిసారి.

దంతపు బిళ్ళల పెట్టె మళ్ళీ ఆ బంగళాలో ఎవరూ తెరవలేదు. అగ్రహారంలో మాత్రం పెద్దలు కూర్చుని, పాలెంలో నేల మీద కూర్చున్నందుకు శరభయ్యగారిని వెలివేశారు. ముప్ఫైనలుగురి సంగతి ఆ పంచాయతీలో ఎవరూ ఎత్తలేదు. దానికి ప్రాయశ్చిత్తం ఏ పుస్తకంలోనూ దొరకలేదు కాబోలు.

పదకొండో రోజున మరిడమ్మ వచ్చింది. చేతిలో సొరకాయ. ఎవరి పాదున కాసిందో. అలవాటు ప్రకారం అరుగు మీద పెట్టింది.

"అంతా అయిపోయిందండి. మీరేం చేస్తారు పాపం! దొరలు ముందే చెప్పి ఉంటే మా రాజు అందర్నీ దాటించేసేవాడు. ఆ దొరసాని ఆటలు రాసి పంపింది గానీ ఈ ఒక్క ముక్క రాయలేకపోయింది చూడండి" అంది. ఆవిడ మాటలో ఈయన మీద అనుమానం రవ్వంత లేదు.

లోపల గుమ్మం దగ్గర వెంకటరమణమ్మ నిలబడింది. ఆవిడకి అంతా తెలుసు. చెప్పొద్దని చేత్తో సైగ చేసింది. చెప్పకపోతే ఎవరూ అడగరు. సాలమోను ఎన్నడూ నోరు విప్పడు. దొరసాని మాట లంకవాళ్ళకి చేరదు. మిగిలిన బతుకంతా లంకకి పెద్దదిక్కుగానే గడిచిపోతుంది.

"రాసింది" అన్నారు శరభయ్యగారు.

మరిడమ్మకి అర్థం కాలేదు.

"దొరసాని రాసింది మరిడమ్మా. ఏరు పెరుగుతోంది, పొద్దుగూకే లోపల అందర్నీ దాటించమని రాసింది. నాకు తెలియలేదు. నాకు ఆ భాష రాదు. ఎప్పుడూ రాదు. నీ కొడుకు అడిగాడు. నాకు తెలియదని చెప్పడానికి సిగ్గుపడి, ఏమీ లేదని చెప్పాను."

మరిడమ్మ నిలబడ్డచోటే నిలబడింది. తిట్టలేదు, దుమ్మెత్తి పోయలేదు. తిడితే బావుండునని ఆయన ఎదురుచూశారు.

"ఆ మాటలు గుర్తున్నాయా మీకు?" అంది చివరికి.

"గుర్తున్నాయి."

"చదవండి."

చదివారు. మాటకి ఒకసారి, అర్థానికి ఒకసారి.

"మళ్ళీ చదవండి."

మళ్ళీ చదివారు. ఆవిడ అరుగు మీద పెట్టిన సొరకాయ తీసి చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

మరుసటి ఏడు శ్రావణ బహుళ పంచమి నాడు వచ్చింది, వట్టి చేతులతో. "చదవండి" అంది. ఆయన తండ్రి తద్దినం అదే రోజు. వెలిపడ్డ ఇంటికి భోక్తలు ఎవరూ రారు కనక ఇంట్లో హడావిడి లేదు. ఆ పై ఏడూ వచ్చింది, ఆ పై ఏడూ. పద్నాలుగేళ్ళు అలా జరిగింది. ఆయన పళ్ళూడి మాట జారినా ఆ పదహారు దగ్గర మాత్రం ఎన్నడూ జారలేదు. మరిచిపోయే వరం దేవుడు ఆయనకి ఇవ్వలేదు. ఆఖరి ఏడు మంచం మీద ఉండి, చదవబోతే మొదటి మాట దగ్గరే దగ్గు వచ్చి ఆగిపోయారు. గడప అవతల నిలబడ్డ మరిడమ్మ కాసేపు చూసి, తనే అందుకుంది. "రివర్ రైజింగ్ ఫాస్ట్" అని మొదలుపెట్టి, చివరి మాట దాకా, అర్థంతో సహా అంతా చెప్పింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. తప్పేమీ లేదని తల ఊపారు.